పెద్ద కోర్టులో లాస్య

పద్మారావు నగర్‌లో ఏ పిల్ల స్టేజీ ఎక్కి తడబడకుండా నాలుగు ముక్కలు మాట్లాడినా, "కల్పలత టీచర్ దగ్గర నేర్చుకుందా?" అని అడగడం అక్కడివాళ్లకు అలవాటు. పంద్రాగస్టు ప్రసంగాలకూ, బాలల దినోత్సవాలకూ, స్కూళ్ల మధ్య జరిగే వక్తృత్వ పోటీలకూ ఆమే దిక్కు. నోరు విప్పమంటే ఏడుపొచ్చే పిల్లను తెచ్చి అప్పగించినా సరే, నెల తిరిగేసరికి కప్పు పట్టుకుని ఇంటికి పోయేది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో, ఏ మాట దగ్గర గుండె మీద చెయ్యి వేసుకోవాలో, చివర దండం పెట్టేముందు ఎంతసేపు ఊరుకోవాలో అన్నీ ఆవిడ చెప్పినట్టే జరగాలి. పిల్లలు సొంతంగా ఒక్క ముక్క కలిపినా ఒప్పుకునేది కాదు. "నీకు తోచింది ఇంట్ల మాట్లాడుకో. స్టేజీ మీద నేను చెప్పిందే మాట్లాడు" అనేది. ఆ పద్ధతి తప్పని ఎవరంటారు? గెలిచిన కప్పులు ఇంటింటి షోకేసులోనూ కనబడుతుంటే ఎవరూ అనలేదు.

అలాంటి మనిషికి, సుప్రీంకోర్టు జడ్జీలు మీ పాపతో స్వయంగా మాట్లాడతామంటున్నారని కబురొచ్చింది. ఇక ఆమె చేతులు కట్టుకుని కూర్చుంటుందా?

లాస్య కల్పలత కన్న పిల్ల కాదు. చెల్లెలు సృజన కూతురు. సృజన బేగంపేటలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నప్పుడు, కాకినాడ నుంచి వచ్చి అదే ఆఫీసులో చేరిన ఉదయ్ భాస్కర్‌ను ఇష్టపడి పెళ్లి చేసుకుంది. కాన్పయిన వారంలోనే జ్వరం ముదిరి సృజన చచ్చిపోయింది. ఉదయ్ భాస్కర్ పిచ్చివాడైపోయాడు. పొత్తిళ్లలో పిల్లను తెచ్చి కల్పలత చేతుల్లో పెట్టి, "దీని మొహం చూస్తే తనే కనబడుతోంది వదినగారూ, నా వల్ల కావట్లేదు" అని గోడకు తల ఆన్చి ఏడ్చాడు. తర్వాత ఉద్యోగం వదిలేసి కాకినాడ వెళ్లి తండ్రి వ్యాపారం చూసుకోవడం మొదలుపెట్టాడు. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లల్లేని కల్పలతా, ఆమె భర్త హరికిషన్ ఆ పసిగుడ్డును గుండెలకు హత్తుకున్నారు. దత్తత రాయించుకోమని ఎవరో సలహా ఇస్తే, చెల్లెలి బిడ్డకు కాగితాలేందని కల్పలత వాళ్లను కసురుకుంది. పిల్లకు మాటలొచ్చాక మొదట పిలిచింది ఆమెనే, అమ్మా అని.

ఉదయ్ భాస్కర్ దుర్మార్గుడైతే ఈ కథ చెప్పడం సుళువుగా ఉండేది. కాదు మరి, ఏం చేస్తాం? ఏడాదికి నాలుగైదుసార్లు గౌన్లూ బొమ్మలూ పట్టుకుని వచ్చేవాడు. పిల్ల కాస్త పెద్దదయ్యాక వేసవిలో కొన్నాళ్లు కాకినాడ తీసుకుపోయి సముద్రం చూపించి మళ్లీ జాగ్రత్తగా దించి వెళ్లేవాడు. ఆ తర్వాత సింధూరను రెండో పెళ్లి చేసుకున్నాడు. ఆమె కూడా మంచి మనిషే, వేసవిలో వచ్చిన పిల్లను బాగా చూసుకునేది. ఇల్లు కుదురుకున్నాక, లాస్య మూడో తరగతిలో ఉండగా, ఒకరోజు వచ్చి సోఫా చివర కూర్చుని, "నా కూతుర్ని నేను తీసుకెళ్తాను వదినగారూ. ఇన్నాళ్లూ మీకు భారం పెట్టాను" అన్నాడు. భారం అన్న మాటకు కల్పలతకు ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు తిట్టి పంపేసింది. ఆ తర్వాత అతను వస్తే తలుపు తీయలేదు. పిల్లతో ఫోన్లో మాట్లాడనివ్వలేదు. అతను హైకోర్టుకు వెళ్లాడు. తండ్రి బతికుండగా పిల్ల తండ్రి దగ్గరే ఉండాలని హైకోర్టు చెప్పింది.

అప్పుడే ఆమె సత్యదేవ్ దగ్గరికి పరుగెత్తింది. సత్యదేవ్ ఆ పేటలోనే ఉండే వకీలు. ఆయన కూతురు కూడా కల్పలత శిష్యురాలే. ఆయన ఢిల్లీలో ఇంకో వకీలును పట్టి సుప్రీంకోర్టులో అప్పీలు వేయించి, హైకోర్టు ఉత్తర్వు మీద స్టే తెచ్చాడు.

"ఇగ ఇదే ఆఖరు మెట్టు మేడం. కింద కోర్టుల తప్పు జరిగిందంటె పైకి పోతం. ఆడ సుత మనకు కాకపోతె ఇంటికి పోతం. గంతే" అని ముందే చెప్పాడు.

"ఆడ జడ్జీలందరు కూసొని మన ముచ్చట ఇంటరా?" అని అడిగింది కల్పలత.

"అందరెందుకు కూసుంటరు! ముప్పై మంది దాంక ఉంటరు. మన సొంటి కేసులు ఇద్దరిద్దరు కూసొని చూస్తరు. ఎవరి ముంగటికి ఏ కేసు పోవాల్నో చీఫ్ జస్టిస్ చూసుకుంటడు. మనం కోరుకుంటె దొరికేది కాదు."

కోరుకుంటే దొరకదని తెలిశాక మనిషి ఏం చేస్తాడు? మరింత గట్టిగా కోరుకుంటాడు. మన కేసు ఆడ జడ్జి ముందుకు రావాలని కల్పలత పట్టుదలగా కోరుకుంది. అంత మందిలో ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే అని సత్యదేవ్ అంటే ఆమెకు కోపం వచ్చింది, ఆ లెక్క ఆయనే వేసినట్టు. తల్లి కడుపు మంట మగాళ్లకేం తెలుస్తుంది అనుకుంది. మొదట కేసు ఇద్దరు మగ జడ్జీల ముందు పడింది. వాయిదాల మీద వాయిదాలు నడిచాయి. ఈలోగా వాళ్లలో ఒకాయనకు అరవై అయిదు నిండి రిటైరయ్యాడు. కేసు ఇంకో బెంచికి మారింది. ఆ సాయంత్రం సత్యదేవ్ ఫోన్ చేసి, "మేడం, ఈపాలి బెంచిల ఒక లేడీ జడ్జి ఉన్నరు" అన్నాడు. కల్పలత ఫోన్ పెట్టేసి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఆటో ఎక్కి మహంకాళి గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

ఆ బెంచే మొదటి రోజున కాగితాలు తిరగేసి, పాపను మా ఛాంబర్‌కు తీసుకురండి, మేమే మాట్లాడతాం అంది.

సత్యదేవ్ ఈసారి ఫోన్లో కాదు, ఇంటికే వచ్చాడు. చాయ్ కప్పు చేతిలో పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"మేడం, ఒక్క మాట. పాపకు ఏం నేర్పకుండ్రి. ఒక్క అక్షరం సుత. గా జడ్జీలు ఇసొంటి పిల్లల్ని మస్తు మందిని చూసిన్రు. పాప మీ దగ్గర ఖుషీగ ఉన్నది. ఆ ఖుషీ మొఖంల కనబడ్తది. గది సాలు."

"నేనేం నేర్పుత సార్? ఉన్నదున్నట్టు చెప్పమంట."

"ఉన్నదున్నట్టు చెప్పుమని సుత చెప్పకుండ్రి. నా బిడ్డకు కప్పులు తెప్పించింది మీరే. మీ సంగతి ఎర్కనే గనక చెప్తున్న."

కల్పలత తల ఊపింది. నిజంగానే ఊరుకోవాలనే అనుకుంది పాపం. రెండు రోజులు ఊరుకుంది కూడా. మూడో రోజు లాస్య హోంవర్క్ చేసుకుంటుంటే మనసాగలేదు. పక్కన కూర్చుని, ఏదో మాటవరసకు అడిగినట్టు, "ఆ జడ్జి మేడం, నువ్వు ఎవరి దగ్గరుంటవ్ అని అడిగితే ఏమంటవ్ రా?" అంది.

లాస్య పెన్సిల్ నోట్లో పెట్టుకుని ఆలోచించింది. "డాడీ మంచోడే కదమ్మా. కాకినాడల బీచ్ ఉన్నది. సింధూర ఆంటీ కాజాలు పెడ్తది" అని మొదలుపెట్టింది.

పిల్ల ఇంకా ఏం చెప్పబోతోందో వినే ఓపిక కల్పలతకు లేకపోయింది. జడ్జి ముందు ఈ కాజాల ముచ్చట చెప్తే ఏమవుతుంది? పెంచిన చేతులు ఉత్త చేతులైపోతాయి. భయం పట్టుకున్న మనిషి తనకు ఏది తెలుసో అదే చేస్తుంది. కల్పలతకు తెలిసింది ఒక్కటే పని. ఆ పనే మొదలుపెట్టింది.

మర్నాటి నుంచి స్కూలు నుంచి రాగానే హాల్లో ప్రాక్టీసు. రైల్వే ఆఫీసు నుంచి వచ్చిన హరికిషన్‌ను బట్టలు కూడా మార్చుకోనివ్వకుండా కుర్చీలో కూర్చోబెట్టి జడ్జిని చేసింది. లాస్య గుమ్మంలోంచి రావాలి. నమస్కారం పెట్టాలి. ఇంగ్లీషులో చెప్పాలి. నన్ను కన్న తల్లి లేదు, నన్ను పెంచిన తల్లి కల్పలత. పసిగుడ్డుగా ఉన్నప్పుడే నా తండ్రి నన్ను వదిలి వెళ్లిపోయారు. నా జీవితంలో నాకు తెలిసిన ప్రేమ ఒక్కటే, అది మా అమ్మ ప్రేమ. ఇక్కడ గుండె మీద చెయ్యి. ఆమెను విడిచి నేను ఉండలేను. గౌరవనీయులైన న్యాయమూర్తులు నాకు న్యాయం చేయాలని వేడుకుంటున్నాను. ఇక్కడ కాస్త ఆగి, తల వంచాలి.

"డాడీ నన్ను వదిలేసిపోలే కదా? నీకిచ్చి పోయిండు కదా?" అంది లాస్య మొదటి రోజు.

"అట్లనే చెప్పాలె."

"అబద్ధం కాదా?"

"స్పీచ్‌ల ఏదుంటె అది చెప్పు, గంతే."

హరికిషన్ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. పిల్ల నీళ్లు తాగడానికి లోపలికి పోయినప్పుడు, "లతా, వకీల్ సాబ్ వద్దన్నడు గదా. ఎందుకు పరేషాన్ జేస్తవ్ పిల్లను?" అన్నాడు.

"వకీల్ సాబ్‌కేం పోతది? పోయేది నా బిడ్డ" అంది కల్పలత. హరికిషన్ మళ్లీ జడ్జి అయిపోయి, "నీ పేరేమిటమ్మా?" అని అడిగాడు.

పని తెలిసిన మనిషి ఏ కొసనూ వదిలిపెట్టదు. ఈ మాటలు నీకు ఎవరు చెప్పారని జడ్జి అడిగితే? దానికీ జవాబు తయారుచేసింది. నావే మేడం, అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాలి. రోజులు గడిచేకొద్దీ లాస్య ఎక్కడా తడబడకుండా చెప్పడం నేర్చుకుంది. ఆ పిల్ల చెప్తుంటే హరికిషన్‌కే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కల్పలత మాత్రం ఎప్పటిలాగే, "సూపర్, ఇంకొక్కసారి" అంది.

ఢిల్లీకి సికింద్రాబాద్‌లో రైలెక్కి వెళ్లారు. రైల్లో కూడా పై బెర్తు మీద లాస్య పెదాలు కదులుతూనే ఉన్నాయి.

కోర్టు లోపల పొడుగాటి వసారా. నల్ల కోట్లు వేసుకున్నవాళ్లు ఫైళ్లు పట్టుకుని గబగబా పోతున్నారు. ఒక గోడ పక్కన కల్పలత, హరికిషన్, మధ్యలో లాస్య. ఎదుటి గోడ పక్కన ఉదయ్ భాస్కర్, సింధూర. చాలా నెలల తర్వాత తండ్రిని చూసిన లాస్య చెయ్యి ఊపబోయి, కల్పలత మొహం చూసి చెయ్యి దించేసుకుంది. అది ఉదయ్ భాస్కర్ చూశాడు. చూసి, తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి సింధూర లేచి వచ్చి, "పాప పొద్దున్నించీ ఏమన్నా తిందాండీ?" అని బిస్కెట్ పొట్లం ఇవ్వబోయింది. కల్పలత లాస్య జుట్టు సవరిస్తూ మొహం తిప్పుకుంది. హరికిషనే మొహమాటపడి అందుకున్నాడు.

లాస్యను పిలిచారు. ఒక ఉద్యోగి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. పెద్దవాళ్లెవరూ రాకూడదన్నాడు. తలుపు మూసుకుంది.

లోపల ఎంతసేపు ఉందో కల్పలతకు తెలియలేదు. తలుపు తెరుచుకునేసరికి పిల్ల చేతిలో చాక్లెట్ పట్టుకుని, పోటీ గెలిచిన పిల్లలు స్టేజీ దిగి వచ్చినట్టు మెరిసే మొహంతో వచ్చింది. కల్పలత ఒక మూలకు తీసుకుపోయి మోకాళ్ల మీద కూర్చుంది.

"మంచిగ చెప్పినవా రా?"

"ఒక్క లైన్ కూడా మిస్ కాలేదమ్మా!"

"మేడం ఏమన్నది?"

"ఫస్ట్ స్కూల్ గురించి అడిగింది. ఫ్రెండ్స్ గురించి అడిగింది. తర్వాత ఎవరి దగ్గర ఉంటావ్ అంది. నేను మొత్తం చెప్పిన. తర్వాత డాడీ వాళ్లింట్లో నీకు ఏమిష్టం అని అడిగింది. అది మనం ప్రాక్టీస్ చేయలే కద. అందుకని మళ్లా ఫస్ట్‌నుంచి చెప్పిన."

కల్పలత పిల్ల భుజాలు పట్టుకుంది. "మళ్లా మొత్తం చెప్పినవా?"

"ఆ. పక్కనున్న జడ్జి సార్ కండ్లద్దాలు తీసి మేడం దిక్కు చూసిండు. మేడం, ఈ మాటలు ఎవరు చెప్పారమ్మా అని అడిగింది. నావే మేడం అని చెప్పిన. హ్యాండ్ కూడా పెట్టుకున్న ఇట్ల."

లాస్య గుండె మీద చిన్న చెయ్యి వేసుకుని చూపించింది. కల్పలత ఆ చేతిని పట్టుకుని మెల్లగా కిందికి దించింది. సూపర్ అనలేకపోయింది. పిల్ల ఆ మాట కోసం కాసేపు ఎదురుచూసి, చాక్లెట్ కాగితం విప్పుకుంది.

తీర్పు రావడానికి కొన్ని వారాలు పట్టింది. సత్యదేవ్ కాగితాలు పట్టుకుని వచ్చిన సాయంత్రం లాస్య కింద వీధిలో సైకిలు తొక్కుతోంది. ఆయన ఇంగ్లీషులో ఉన్నది మనసులో చదువుకుంటూ తెలుగులో చెప్పాడు. రాసింది ఆ మహిళా న్యాయమూర్తే. పెంచిన తల్లి ప్రేమను మేము ఏమాత్రం శంకించడం లేదు అని రాసింది. పిల్ల ఆరోగ్యం, చదువు, నడవడి చూస్తే ఎంత శ్రద్ధగా పెంచారో తెలుస్తోంది అని రాసింది. ఆ తర్వాతి మాటల దగ్గర సత్యదేవ్ గొంతు సవరించుకున్నాడు.

"పాప మాతో మాట్లాడినంత సేపు మాకు పాప గొంతు వినబడ్డది గని, పాప మాటలు వినబడలేదు అని రాసిన్రు. తండ్రి మీద పాప మనసు ఇరగ్గొట్టేతందుకు గింత తయారు జేసిన ఇంట్ల పాపను ఉంచుడు పాపకు మంచిది కాదు అన్నరు. హైకోర్టు చెప్పిందే ఖాయం. పెద్ద పరీక్షలు అయినంక తండ్రికి అప్పగించాలె. సెలవులల్ల మీరు తెచ్చుకోవచ్చు."

కల్పలత కళ్లు పొడిగానే ఉన్నాయి. ఆడ జడ్జి కావాలని కోరుకుంది. దొరికింది. ఆ జడ్జి తల్లికి అన్నీ అర్థమయ్యాయి, కల్పలత దాచాలనుకున్నదానితో సహా.

"ఇంక పైన ఎవరు లేరా సార్?" అంది.

"రివ్యూ అని ఒకటి ఉంటది. గని గది సుత మళ్లా ఆ జడ్జీలే, వాళ్ల రూముల కూసొనే చూస్తరు. మనం పోయి మాట్లాడేదుండదు. ఏస్త మీరంటె. గని ఉమ్మీద్ పెట్టుకోకుండ్రి."

"రాష్ట్రపతి చలికాలం బొల్లారంల ఉన్న బంగ్లకు వస్తరు గదా? ఆడ దిగినప్పుడు పోయి కాళ్ల మీద పడ్త. మనకు దగ్గర్నే గదా బొల్లారం. అప్పటిదాంక ఆపించుండ్రి."

సత్యదేవ్ నవ్వలేదు. ఆ మాటకు ఎవరికీ నవ్వు రాదు. "రాష్ట్రపతి ఉరిశిక్ష పడ్డోళ్లకు క్షమాభిక్ష పెడ్తరమ్మా. గిసొంటి దాంట్ల వాళ్లు సుత ఏం చెయ్యలేరు" అన్నాడు. అంతవరకూ మేడం అని పిలిచిన మనిషి అమ్మా అన్నాడు.

ఆయన వెళ్లిపోయాక కల్పలతకు ఏడుపు వచ్చింది. పోయిన చెల్లెలి కోసం కూడా అంత ఏడవలేదు. హరికిషన్ ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. నేను చెప్పలేదా అనే మాట అతని నోట రాలేదు. అంత మంచితనం కూడా ఆ క్షణంలో ఆమెకు భరించడం కష్టమైంది. "నన్ను తిట్టు. ఒక్కపాలి తిట్టు" అంది.

"ఏమని తిట్టాలె లతా? నేను కుర్చీల కూసుంటిని గదా" అన్నాడు హరికిషన్.

జడ్జిగారు కనిపెట్టింది నిజమే. అవి నేర్పిన మాటలే. కాని నేర్పకపోయినా ఆ పిల్ల కోరుకునేది ఈ ఇంటినే. ఆ నిజం ఢిల్లీ దాకా పోలేదు. తన చేత్తో తనే దాన్ని ఆపేసిందని కల్పలతకు తెలుసు. ఇంకెవరి మీదా కోపం తెచ్చుకునే దారి కూడా ఆమెకు మిగల్లేదు.

ఆ వారం నుంచి ఆమె ఏ పిల్లకూ ప్రసంగాలు నేర్పలేదు. అడగడానికి వచ్చిన తల్లులకు ఒంట్లో బాగాలేదని చెప్పించింది. లాస్యకు సంగతి హరికిషనే చెప్పాడు. పిల్ల విని, "నేను ఏ లైన్ మర్చిపోయిన?" అని ఒక్కటే అడిగింది. మర్చిపోలేదని ఎంత చెప్పినా నమ్మలేదు. కొన్నాళ్లు ఒంటరిగా ఉన్నప్పుడు ఆ ప్రసంగాన్ని మొదటి నుంచి చివరి దాకా లోలోపల చెప్పుకుంటూ, ఎక్కడ తప్పు పోయిందో వెతుక్కునేది. ఆ పెదాలు కదలడం చూసినప్పుడల్లా కల్పలత వంటగదిలోకి పోయి కుళాయి తిప్పుకునేది.

పరీక్షలయ్యాయి. ఆదివారం పొద్దున ఉదయ్ భాస్కర్, సింధూర కారులో వచ్చారు. ఈసారి కల్పలత తలుపు తీసింది. సింధూర లోపలికి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని, "సెలవులనీ లెక్కలనీ పెట్టుకోకండి అక్కగారూ. ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రండి. మీ ఇల్లే అది" అంది. ఆ మాటలో కల్మషం లేదు. ఉదయ్ భాస్కర్ కూర్చోలేదు. గోడ మీద సృజన ఫొటో ముందు నిలబడి, కల్పలత వైపు చూడకుండానే మాట్లాడాడు.

"ఆ రోజు మీ చేతుల్లో పెట్టి పారిపోయింది నేనే వదినగారూ. అప్పుడే దగ్గరుండి పెంచుకునుంటే ఇవాళ ఎవరి ఒళ్లోంచీ లాక్కోవాల్సొచ్చేది కాదు. మీరు నన్ను ఎన్ని తిట్టినా పడతాను."

కల్పలత లాస్య పెట్టె అతని ముందుకు జరిపింది. "పాలు పల్చగ తాగుతది. చిక్కగుంటె కక్కుతది" అని మాత్రం చెప్పింది. ఉదయ్ భాస్కర్ తల ఊపి, పెట్టె అందుకుని హరికిషన్‌తో కిందికి దిగాడు. సింధూర కూడా వాళ్ల వెనకే వెళ్లింది.

లోపలి గదిలో లాస్య మంచం అంచున కూర్చుని ఉంది. కొత్త బూట్లు. కల్పలత కింద కూర్చుని లేసులు కట్టసాగింది. పిల్ల ఏడవడం లేదు. ఏడవాలో వద్దో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆగినట్టుంది.

"అమ్మా, అక్కడికి పోయినంక నేను ఏం చెప్పాలి?"

"ఎవరికి?"

"డాడీకి. ఆంటీకి. తాతయ్య కూడా ఉంటడు కద. ఏం చెప్పాలి అందరికి?"

కల్పలత చేతులు ఆగిపోయాయి. "నేనేం చెప్ప బిడ్డా. నీకేది అనిపిస్తె అది చెప్పు" అంది.

లాస్య అనుమానంగా చూసింది. "స్పీచ్ లేదా?"

"లేదు. ఇంక ఏ స్పీచ్ లేదు."

"ఏదైనా చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు."

పిల్ల తలుపు దగ్గర ఎవరైనా ఉన్నారేమో చూసుకుని, వంగి, రహస్యం చెప్పినట్టు చెప్పింది.

"అయితే ఒకటి చెప్తా. కోప్పడొద్దు. ఆ జడ్జి మేడం అడిగినప్పుడు నాకు ఒకటి చెప్పాలనిపించింది. నాకు జ్వరం వస్తె నువ్వు నా కాళ్లు నీ ఒళ్లె పెట్టుకొని పొద్దుగాల దాంక కూసుంటవ్ కద. డాడీ వాళ్లింట్ల జ్వరమొచ్చినప్పుడు ఆంటీ మంచిగనే చూసుకున్నది, ట్యాబ్లెట్ ఇచ్చింది, కానీ నాకు నువ్వే కావాలనిపించి దిండు కింద మొఖం పెట్టి ఏడ్చిన. అది చెప్దామనుకున్న. మేడం మంచిగ నవ్వుకుంటనే అడిగింది. కానీ అది స్పీచ్‌ల లేకుండె కదా, నువ్వు కోప్పడ్తవని చెప్పలే."

కల్పలత ఆ పిల్ల మోకాళ్లను గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు ఫోన్ చేసి చెప్తే ఇంటదా మేడం?" అంది లాస్య.

కింద నుంచి హరికిషన్ పిలుస్తున్నాడు. కల్పలత రెండో బూటు లేసు కట్టింది. పిల్ల ఇంకా జవాబు కోసం చూస్తోంది. తొమ్మిదేళ్ల పిల్లకు ఎన్నో జవాబులు నేర్పిన మనిషి, దీనికి ఏం చెప్పాలో తెలియక, దాని కాళ్లు రెండూ తన ఒళ్లోకి తీసుకుని, మళ్లీ పిలిచేదాకా అలాగే కూర్చుంది.